గుట్ట పేరు పలకని అత్తయ్య

మల్కాజ్‌గిరి చుట్టుపక్కల గుట్టలకు, కుంటలకు, బండలకు పాత మనుషులు ఏ పేర్లు పెట్టుకున్నారో, ఎందుకు పెట్టుకున్నారో రాసుకోవడం నా పిచ్చి. నా పుట్టిల్లు గుంటూరు వైపు, పెళ్లయి ఇక్కడికొచ్చాను. పరాయి ఊరి రాళ్ల మీద నీకెందుకే అంత మోజు అని మా అమ్మ ఇప్పటికీ ఫోన్లో దెప్పుతుంది. నేను పెట్టుకున్న నియమం ఒక్కటే: పేరు పాతకాపుల నోటివెంట రావాలి, నా ఫోన్లో రికార్డు కావాలి. ఆ నియమమే నా కొంప ముంచింది.

మా కాలనీ వెనక చిన్న గుట్ట ఉంది. కాలనీ సంఘం వాళ్లు అక్కడ బెంచీలు వేసి, 'రాక్ వ్యూ హిల్' అని బోర్డు పెడతామన్నారు. నాకు ఒళ్లు మండింది. దానికి అసలు పేరుందని గొడవపెట్టుకుంటే అధ్యక్షుడు గారు చల్లగా, "పాతవాళ్లెవరి చేతనైనా చెప్పించండమ్మా, ఆ పేరే రాయిద్దాం. ఆదివారం మీటింగు" అన్నారు.

ఆ పేరు తెలిసిన పాతవాళ్లలో మిగిలింది మా అత్తయ్య ఒక్కతే. చిక్కల్లా, గుట్టదీ పోయిన మా మామయ్యదీ ఒకటే పేరు. అత్తయ్య మొగుడి పేరు చచ్చినా పలకదు. ఆధార్ కార్డు కోసం వెళ్లినప్పుడు భర్త పేరడిగితే నన్ను మోచేత్తో పొడిచి చెప్పించింది.

ఇంట్లో బతిమాలాను.

"గా గుట్ట మీద మేకలు కాసేటాయన ఉండె బిడ్డా. ఆయన పేరే పడ్డది."

"ఆయన పేరేంటత్తయ్యా?"

"మీ మామ పేరే."

"మామయ్య పేరేంటి?"

"నీకు ఎర్క లేదా? నన్ను పరేషాన్ చెయ్యకు" అని కూరగాయల సంచి తీసుకుని బయల్దేరింది. మోండా మార్కెట్ దాకా వెంటపడ్డాను. ఉల్లిగడ్డలు ఏరుకుందే తప్ప నోరు విప్పలేదు.

ఆదివారం మీటింగుకు మాత్రం వచ్చింది, సమోసాలుంటాయని. అధ్యక్షుడు గారు రికార్డు కోసం నా ఫోను ఆవిడ ముందుపెట్టి వినయంగానే అడిగారు. అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కళ్లతోనే దండాలు పెట్టాను. ఊహూ.

"చూశారుగా అమ్మా, దానికి పేరూ లేదు గీరూ లేదు. ఉత్త బండలు" అని ఆయన నవ్వారు.

అంతే, అత్తయ్య లేచింది. "పేరు లేదా? ఉత్త బండలా?" అంటూ గుట్ట పేరును గుట్టకే వినబడేలా కేకేసి చెప్పింది. "రాస్కో! ఇంకోసారి లేదన్నవంటే మంచిగుండది!" అని, ఏం చేసిందో అప్పుడు తెలిసొచ్చి రెండు చేతులతో నోరు మూసుకుంది. నాకైతే ఆనందంతో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బోర్డు మీదికి ఆ పేరే ఖాయమైంది.

మర్నాడు పొద్దున హాల్లో ఎవరినో తిడుతున్నట్టు వినబడి వెళ్లాను. మామయ్య ఫోటో ముందు అత్తయ్య నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడి, పేరు పెట్టి మరీ దులిపేస్తోంది. చెల్లె పెండ్లికి తీసుకపోతానని తీసుకపోలేదట. ఒక్కనాడూ కూర బాగుందనలేదట.

"ఇదేం చోద్యం అత్తయ్యా? ఒక్క రోజులో ఇంత ధైర్యమా?" అన్నాను నవ్వాపుకోలేక.

"జిందగీ అంతా 'ఇగో, జెర ఇటు సూడు' అనే పిలిస్తి. పేపర్ల నుంచి ఎన్నడు తలెత్తలే" అంది, ఫోటో అద్దాన్ని కొంగుతో తుడుస్తూ. "పేరు పెట్టి పిలిస్తే సూస్తుండెనేమో, బిడ్డా."