ఎడమవైపు పక్కటెముకలు

మొన్న నడుము నొప్పికి నాలుగు వ్యాయామాలు నేర్చుకుందామని హోసూరులో ఒక ఫిజియోథెరపీ గదికి వెళితే, మూలన ఇనుప కడ్డీకి ప్లాస్టిక్ అస్థిపంజరం వేలాడుతూ కనిపించింది. అక్కడి అమ్మాయి దాని నడుము దగ్గర వేలుపెట్టి, ఈ వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలే అరిగాయని ఓపికగా చెబుతూ ఉంటే, నా చూపు మాత్రం దాని ఎడమవైపు పక్కటెముకల మీదికే పోయింది. మన వయసువాళ్ళకు ఇదొక జబ్బు కదా, ఎదురుగా ఏది చూపినా ఎప్పటిదో గుర్తొస్తుంది.

తొంభైల మొదట్లో మాట ఇది. పుట్టిల్లు రాయకోట. ప్లస్ టూలో జీవశాస్త్రం చదివి, క్రిష్ణగిరిలో టీచరు ట్రైనింగు ముగించి, జవళగిరి దగ్గర అడవి అంచునున్న అత్తగారింటికి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు. ఆ ఇంట్లో పెద్దల ఎదుట మొగుడూ పెళ్ళాలు పక్కపక్కన కూర్చోవడం, మాట్లాడుకోవడం లేదు. మా ఆయన స్వతహాగానే మాట తక్కువ మనిషి. దానికి తోడు రాగి వెన్ను పట్టే రోజుల్లో ఏనుగులు దిగుతాయని పొద్దుగూకితే చేలో మంచె ఎక్కేవారు, తెల్లవారి వచ్చి ఇంత సంగటి తిని పడుకునేవారు. ఆయన ఎలాంటి మనిషో అప్పటికి నాకు నిజంగా తెలియదు.

ఒకనాటి తెల్లవారుజామున మంచె దిగుతూ, మంచుకు తడిసిన నిచ్చెన మీద కాలు జారి, గట్టు రాళ్ళ మీద ఎడమవైపుగా పడిపోయారు. కేకలు విని నేను పరుగెత్తేసరికి పక్క చేలవాళ్ళు చేతులూ కాళ్ళూ పట్టి ఎత్తబోతున్నారు. చదివిన పాఠమంతా ఒక్కసారి నా కళ్ళ ముందుకొచ్చింది. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే ఆ పూసల నడిమి దారిలోనే కదా వెన్నుపాము మెదడు నుంచి కిందికి దిగేది. విరిగిన పూస కొంచెం పక్కకు జరిగి దాన్ని నొక్కితే మనిషి మళ్ళీ లేచి నడవడు.

“ఎత్తొద్దండప్పా, వెన్ను విరిగిండొచ్చు. వంచినారంటే కాళ్ళు పడిపోతాయి,” అన్నాను. అప్పటికే అక్కడున్న మామయ్య ఎదుట నేను గొంతెత్తడం అదే మొదలు. మామయ్యే వాళ్ళవైపు తిరిగి, “కోడలు చెప్పినట్ల చేయండప్పా,” అన్నారు.

పంపుసెట్టు గది తలుపు ఊడదీసి తెచ్చి, మెడా వెన్నూ వంగకుండా అందరూ కలిసి మా ఆయన్ను దాని మీదికి జరిపారు. కాలివేళ్ళు ఆడించమని అడిగాను. ఆడాయి. అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

పాల వ్యానులో డెంకణికోటకు, అక్కడి నుంచి హోసూరుకు తీసుకుపోయాం. వెన్నెముక బాగానే ఉందనీ, ఎడమవైపు నాలుగు పక్కటెముకలు విరిగాయనీ డాక్టరు తమిళంలో చెప్పి, ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకు పట్టి చూపించారు. వీటికి పిండికట్టు వేయరనీ, ఊపిరి పీల్చినప్పుడల్లా ఈ ఎముకల గూడు పైకీ పక్కలకూ లేవాలనీ, బిగించి కడితే ఊపిరితిత్తులు విచ్చుకోక కఫం చేరి నిమోనియా వస్తుందనీ, నొప్పెట్టినా నిండా గాలి పీల్చి దగ్గాలనీ అన్నారు.

ఇంటికొస్తే అత్తయ్య పాత చీర చించి కట్లు సిద్ధం చేసి పెట్టింది. “గట్టిగా కట్టకపోతే ఎముక యాడ అతుక్కుంటాదమ్మా?” అని ఆమె ఏడుపు. ఆమెకు నచ్చజెప్పడం ఒక ఎత్తయితే, ఆయన చేత ఊపిరి తీయించడం మరో ఎత్తు. నొప్పికి భయపడి పైపైనే తీసేవారు. రెండు మూడు రోజులకు జ్వరం తగిలింది, ఎదలో గురగుర మొదలైంది. ఇక సిగ్గుపడితే మనిషి దక్కడనుకుని, అందరూ చూస్తుండగానే మంచం మీద కూర్చుని, ఎడమ పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, నా చెయ్యి లేచేదాకా పీల్చమన్నాను.

“నొస్తాది,” అన్నారు. తెలుసన్నాను. ఊపిరి తీయబోతూ, “చెయ్యి ఆడనే పెట్టుండు,” అన్నారు.

మొదట్లో నా చెయ్యి కదలనే లేదు. రోజంతా విడవకుండా కూర్చుంటే సాయంత్రానికి వెంట్రుకవాసి లేచింది. దగ్గినప్పుడు పక్కకు దిండు అదిమి పట్టడం అత్తయ్య వంతు. కఫం తెగి పడి, వారం తిరిగేసరికి జ్వరం విడిచింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, ఈ ఎముకల లోపల ఏముందో చెప్పమని ఆయనే అడిగారు. పన్నెండు జతలూ వెనక వెన్నుపూసలకు తగులుకుని ఉంటాయనీ, పై ఏడు జతలు ముందు రొమ్ము ఎముకకు నేరుగా అతుక్కుంటాయనీ, తర్వాతి మూడు పైదాన్ని పట్టుకుంటాయనీ, చివరి రెండు జతల కొసలు దేన్నీ పట్టుకోవనీ, ఇదంతా గుండెనూ ఊపిరితిత్తులనూ కాచుకోవడానికేననీ చెప్పాను. బడిపిల్లాడికి చెప్పినట్టు చెబుతున్నానని నవ్వబోయి నొప్పికి పక్క పట్టుకున్నారు. తర్వాత ఆయన మాట్లాడారు. మంచె మీద ఒక్కడే కూర్చున్నప్పుడు ప్రతి చప్పుడుకూ భయపడతాననీ, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదనీ అన్నారు. ఒకసారి గున్న ఏనుగొకటి తల్లి కాళ్ళ మధ్య నిలబడి రాగి వెన్నులు తినడం నేర్చుకుంటుంటే, తరమడం మరిచిపోయి చూస్తూ కూర్చున్నారట.

తర్వాత నాకు బడిలో ఉద్యోగమొచ్చి, ఆ పాఠం ఎన్ని తరగతులకు చెప్పానో. ఇప్పుడు మా రాగి చేలల్లో సగం ప్లాస్టిక్ పందిళ్ళ కింద గులాబీ తోటలయ్యాయి. మా కొడుకూ కోడలూ మా ఎదుటే ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని నవ్వుకుంటారు, చూడ్డానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఆ చొరవ మా రోజుల్లో లేకపోయిందే అని అప్పుడప్పుడు చిన్న బెంగ. ఆయన ఆనాడు అలా మంచాన పడకపోతే, నా పక్కనున్న మనిషిని నేను ఎన్నేళ్ళకు తెలుసుకునేదాన్నో, అసలు తెలుసుకునేదాన్నో లేదో.