పదకొండో నంబరు పాట, మూడో చరణం

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలున్న వైపు పొద్దున పూట వెళ్తే పక్క మనిషి మాట వినపడదు. రాయి కోసే మిషన్ల రొద అలాంటిది. పద్దెనిమిదేళ్లుగా ఆ రొదలోనే పనిచేస్తున్నా దయామణివి పాము చెవులు. షెడ్డు ఆ చివర ఎవరైనా కూనిరాగం తీస్తే ఈ చివర నుంచి సరిచేస్తుంది. సరిచేయమని ఎవరూ అడగరు, అది వేరే సంగతి.

కోసిన రాతి పలక మీద నీళ్లు చల్లుతూ నునుపు చేయడం ఆమె పని. వయసు నలభై రెండు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయినా చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. భర్త గిద్యోను ఆటో నడుపుతాడు. ఆమె పది మాటలు మాట్లాడితే ఆయన ఒకటి మాట్లాడతాడు, అదీ తప్పనిసరైతేనే. పట్టణం చివర వాళ్ల పేటలో ఉన్న చిన్న చర్చిలో ఆదివారం పాట ఎత్తుకునేది దయామణే. అక్కడ పాటను మొదటి మాటతో కాక పాటల పుస్తకంలోని నంబరుతోనే పిలుస్తారు. "నూట ఏడు ఎత్తుకో అక్కా" అంటారు, అంతే. నంబరు లేనిది పాట కాదు. పల్లవి కింద మూడు చరణాలైనా లేకపోతే అదీ పాట కాదు, మజ్జిగన్నం తినకుండానే విస్తరి ముందు నుంచి లేవమన్నట్టు ముఖాలు పెడతారు.

ఇంత పద్ధతి గల మనిషి రాక్ బ్యాండు అభిమాని ఎలా అయిందని మీరడగవచ్చు. పేటలో కూడా చాలామంది అడిగారు. తప్పంతా మస్తానమ్మ ఫోనుది.

మస్తానమ్మ దయామణి పక్కనే కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగిస్తుంది. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె ఫోనులో "నాలుగో బోరు" వాళ్ల పాట మోగింది. నాలుగో బోరు అంటే గిద్దలూరు వైపు నుంచి హైదరాబాదు పోయిన నలుగురు కుర్రాళ్లు. రెండు గిటార్లు, ఒక డ్రమ్ముల సెట్టు, ఒక గొంతు. సినిమాలతో సంబంధం లేదు, వెనక ఏ కంపెనీ లేదు. మాటలు వాళ్లవే, బాణీ వాళ్లదే. పాట తయారైతే ఫోనుల్లోకి వదులుతారు, విన్నవాళ్లు వింటారు. పాడే అబ్బాయి అసలు పేరు నాగేశ్వర్లు, పోస్టర్ల మీద మాత్రం నాగు. వాళ్ల నాయన పొలంలో మూడు బోర్లు వేయించాడట, మూడూ ఎండిపోయాయట. నాలుగోది ఎక్కడని ఎవరైనా అడిగితే అది మేమేనని నాగు చెప్పేవాడు.

మొదటి పాట విని ఇది పాటా, పోట్లాటా అంది దయామణి. రెండోది ట్యాంకరు పాట. ఎండాకాలం వీధిలో నీళ్ల ట్యాంకరు కోసం ఎదురుచూసే మనుషుల మీద కట్టింది. అది వింటూ ఆమె అన్నం కలపడం ఆపేసింది. మళ్లీ పెట్టమంది. నాలుగుసార్లు పెట్టించుకునేసరికి మస్తానమ్మ ఫోను చార్జింగు అయిపోయింది. దేవుడి మీద కాకుండా, ప్రేమ మీద కాకుండా, తన వీధి మీద కూడా పాట కట్టవచ్చని ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ సంతోషం చాలా రోజులు తగ్గలేదు.

ఇష్టపడిన పాటను నోటుబుక్కులో రాసుకోవడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నాలుగో బోరు పాటలు ఇరవైమూడింటినీ వింటూ, ఆపుతూ, మళ్లీ వింటూ రాసింది. నంబర్లు వేసింది. ట్యాంకరు పాట పదకొండో నంబరు అయింది. ఆ నోటుబుక్కును బజారులో పుస్తకాల దుకాణం నడిపే చంద్రశేఖరరావు చూశాడు. యాభై దాటిన వ్యాపారి, అందరికీ శెట్టిగారు, కుటుంబమంతా భక్తిపాటలు వినే ఇల్లు, ఆయన మాత్రం దుకాణంలో చెవిలో తీగ పెట్టుకుని నాలుగో బోరు వినే రకం. నోటుబుక్కు మొత్తం కంప్యూటరులో కొట్టించి చిన్న పుస్తకం చేశాడు. అట్ట మీద బ్యాండు పేరు, లోపల పాటలు. అది కాలేజీ పిల్లల చేతికి పోయింది, ఆటో స్టాండుకు పోయింది, పలకల షెడ్లకు పోయింది, కనిగిరి దాకా కూడా పోయింది. ఏడాది తిరిగేసరికి ఆ పాటలను పేర్లతో పిలిచేవాళ్లు మార్కాపురంలో లేరు. "ఆరు పెట్టు", "పంతొమ్మిది బాగుంటది" అని మాట్లాడుకుంటున్నారు.

పుస్తకంలో ఒక దొంగతనం ఉంది. దొంగతనం అనడం నా మాట కాదు, దయామణి మాట. ఇంకా సరిగా చెప్పాలంటే అది దొంగతనానికి తిరగేసిన పని, తన సొమ్ము తీసుకెళ్లి పక్కవాళ్ల ఇంట్లో పెట్టడం.

ట్యాంకరు పాటకు రెండే చరణాలు. మొదటిది ఎదురుచూసే ముసలాయనది, రెండోది ట్యాంకరు డ్రైవరుది. మూడోది లేదు. రాసేటప్పుడు ఆమె చేయి అక్కడ ఆగలేదు. నీళ్లకు నిలబడేది ఆడవాళ్లయితే పాటలో ఒక్క ఆడమనిషి లేదేమని కోపం కూడా వచ్చింది. వాళ్ల పేటలో పనికి పోయే ఆడవాళ్లు తెల్లవారగానే వరుసలో బిందె పెట్టి వెళ్లిపోతారు. ఆ బిందె ఉన్నంతసేపు ఆ చోటు బిందె పెట్టినామెదే, ఎవరూ జరపరు. ఆ సంగతే నాలుగు లైన్లు రాసింది.

బిందెను వరుసన పెట్టి పనికి పోతి
నా బదులు నా బిందె నిలబడతది
పొద్దుగూకి నేనొస్తే చేతులు కడుక్కోడానికి
దోసెడు నీళ్లన్నా ఉంచు నాకు

రాసి, పైన రెండు చరణాల కింద చేర్చింది. ఎవరికీ చెప్పలేదు. అప్పుడది ఆమె నోటుబుక్కు మాత్రమే. పుస్తకం అవుతుందని ఎవరికి తెలుసు? అయ్యాక చెబుదామంటే అప్పటికే జనం నోళ్లలో పడింది. షెడ్డులో అందరూ పదకొండు పాడుతూ మూడో చరణం వచ్చేసరికి గొంతు పెంచేవాళ్లు. ఫోనులో ఈ చరణం లేదేమని ఒకరిద్దరు అడిగితే, ఫోనుల్లో కోసి పెడతారు గదా అని మస్తానమ్మే జవాబు చెప్పింది. దయామణి తల వంచుకుని పలక రుద్దుకుంది.

జిల్లాలు మార్చిన మరుసటి ఏడాది నాలుగో బోరు మార్కాపురం వస్తోందని కబురు వచ్చింది. చంద్రశేఖరరావు మూడేళ్లుగా వాళ్లకు రాస్తూనే ఉన్నాడు, చివరికి ఒప్పుకున్నారు. ఆదివారం సాయంత్రం నాలుగున్నరకు, కంభం రోడ్డు వైపు ఒక ఫంక్షన్ హాలులో. అభిమానులు ఏ పాట అడిగితే అది పాడతారని కూడా పోస్టరులో వేశారు. షెడ్డు షెడ్డంతా పండగ చేసుకుంది. దయామణికి ముద్ద దిగలేదు.

పదకొండు అడగకుండా జనం ఉండరు. అడిగితే రెండు చరణాలు పాడి ఆపేస్తారు. అప్పుడు మూడోది ఎక్కడిదని పుస్తకం తిరగేస్తారు, పాటలు విని నోటుబుక్కులోకి ఎక్కించిందెవరో అందరికీ తెలుసు. బ్యాండు వాళ్లు కోప్పడితే పడుతుంది, దానికి ఆమె సిద్ధమే. ఆమె భయం తన వాళ్ల గురించి. ఒక్క చరణం కల్తీ అని తేలితే ఇరవైమూడు పాటలూ అనుమానమే. ఇష్టం వచ్చినట్టు మాటలు కలిపే మనిషిని రేపు చర్చిలో పాట ఎత్తుకోమని ఎవరంటారు? ఆ ఒక్క పనీ పోతే ఆమెకు ఇంక రాతి దుమ్మే మిగులుతుంది.

ముందే చెప్పేద్దామని శుక్రవారం పని నుంచి నేరుగా పుస్తకాల దుకాణానికి పోయింది. అక్కడ చంద్రశేఖరరావు హాలులో పంచడానికి కొత్తగా కొట్టించిన మూడు వందల పుస్తకాలు కట్టలు కడుతున్నాడు. ఆమెను చూడగానే, అమ్మా, ఈ ఊరి వాళ్లందరికీ ఆ పాటలు నోటికొచ్చినాయంటే నీ పుణ్యమే అన్నాడు. ఇంక ఏం చెబుతుంది? ఒక కట్టకు తాడు బిగించడంలో సాయం చేసి వచ్చేసింది.

ఇంటికి వచ్చి గిద్యోనుకు చెప్పింది. ఆయన మొత్తం విన్నాడు.

"ఆ చరణం నువ్వు రాసినావా?" అన్నాడు.

"రాసినా. వాళ్ల పేరు కింద పెట్టినా. అదే తప్పు."

"నేను ఆటోలో రోజూ పాడతా ఉండా దాన్ని," అన్నాడు గిద్యోను. ఆపైన, చెప్తే చెప్పు, లేకుంటే ఊరుకో, రెండూ చేయకుండా అన్నం మానేస్తే ఏమొస్తదన్నాడు. ఆమె అన్నం తింది గాని ధైర్యం రాలేదు.

ఆదివారం నాలుగింటికే హాలు నిండిపోయింది. గిద్దలూరు బస్సుకు వచ్చినవాళ్లు, కొమరోలు నుంచి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు, షెడ్ల వాళ్లు, వెనక వరుసల్లో గిద్యోనుతో పాటు చర్చి వాళ్లు. ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు సర్దుకున్నారు. అందరి ఒళ్లోనూ పుస్తకం. బ్యాండు వాళ్లు వేదిక మీదికి వచ్చి ఆ వరుసలు చూసి కాసేపు తికమకపడ్డారు. వేరే ఊళ్లలో వాళ్ల పాటకు జనం ఎగురుతారు, ఈలలు వేస్తారు. ఇక్కడ మొదటి పాట మొదలవగానే మూడు వందల మంది పేజీ తిప్పిన చప్పుడు వచ్చింది. తర్వాత అందరూ కలిసి, ఒక్క మాట తప్పకుండా, గొంతెత్తి పాడారు. డ్రమ్ములు కొట్టే అబ్బాయి నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండో పాటకు గిటార్ల వాళ్లకూ హుషారు వచ్చింది. దయామణి కూడా భయం మరిచి పాడింది. తను ఇన్నాళ్లూ చిన్న ఫోనులో విన్న గొంతు ఎదురుగా నిలబడి పాడుతుంటే ఎట్లా మరవకుండా ఉంటుంది?

ఐదు పాటలయ్యాక నాగు ఇప్పుడు మీకేది కావాలో అడగమన్నాడు.

"పదకొండు," అంది హాలంతా.

నాగుకు అర్థం కాలేదు. పదకొండు పాటలు పాడమంటున్నారా అని పక్కవాణ్ణి అడిగాడు. ముందు వరుసలోని కాలేజీ పిల్ల లేచి తన పుస్తకం అందించింది. అతను అట్ట చూశాడు, లోపల తిప్పాడు, తమ పాటలన్నీ నంబర్లతో ఉండటం చూసి పెద్దగా నవ్వాడు. పదకొండు దగ్గర పల్లవి చూసి, ట్యాంకరా అన్నాడు. పేజీ మొత్తం చదవలేదు. పుస్తకం స్పీకరు మీద పెట్టి పాట అందుకున్నాడు.

దయామణి పాడలేదు. మస్తానమ్మ మోచేత్తో పొడిచినా పాడలేదు. ముసలాయన చరణం అయింది. డ్రైవరు చరణం అయింది. గిటారు చివరి స్వరం మోగి ఆగింది.

హాలు ఆగలేదు. బిందెను వరుసన పెట్టి పనికి పోతి అని మూడు వందల గొంతులు ఎత్తుకున్నాయి. నాగు మైకు దగ్గర నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. రెండో లైనుకు డ్రమ్ముల అబ్బాయి మెల్లగా దరువు అందుకున్నాడు. చివరి రెండు లైన్లూ జనం ఆ దరువు మీద పాడారు. పాడటం అయ్యాక చప్పట్లకు బదులు అందరూ వేదిక వైపు చూశారు, మీరెందుకు పాడలేదన్నట్టు.

నాగు పుస్తకం తీసి ఆ పేజీ చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఈ మూడో చరణం ఎవరిది?"

"మీదే గదా," అన్నారెవరో.

"మాది కాదు. మేము రెండే రాసినాం."

హాలులో గుసగుస మొదలైంది. పేజీలు తిరిగాయి. వేదిక పక్కన నిలబడిన చంద్రశేఖరరావు ముఖం పాలిపోయింది, కంప్యూటరులో కొట్టించింది తనే గదా, ఏం తప్పు దొర్లిందోనని. అది చూశాక దయామణి కూర్చోలేకపోయింది. తన పనికి ఆ పెద్దమనిషి తలదించుకోవడం ఆమె వల్ల కాలేదు. లేచి నిలబడింది.

"నేను రాసినా. శెట్టిగారికి తెలీదు. మీ పేరు కింద పెట్టడం తప్పే."

మస్తానమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. చర్చి వాళ్లున్న వరుసల వైపు చూడటానికి దయామణికి ధైర్యం చాలలేదు. నాగు వేదిక అంచుకు వచ్చి కూర్చున్నాడు.

"మా అమ్మ గూడా బిందె పెట్టి పనికి పోయేది అక్కా," అన్నాడు. "ఆ పాటలో ఆమెను పెట్టాలని ఎన్నిసార్లు కూసున్నానో. రాలే నాకు." పుస్తకంలో ఆ పేజీ చూపించి, "ఇంక మేము ఎక్కడ పాడినా ఇది గూడా పాడొచ్చునా?" అని అడిగాడు.

ఆమె అతనికి క్షమాపణ చెప్పుకోవాలని వచ్చింది. అతను ఆమె దగ్గర అనుమతి అడుగుతున్నాడు. వెనక్కి తిరిగి చూసింది. చర్చి వాళ్లు ఆమె వైపే చూస్తున్నారు, ఆదివారం పాట ఎత్తుకునే ముందు చూసినట్టే, ఎప్పుడు మొదలుపెడుతుందా అని. ఆమెకు ఏడుపు వచ్చింది. చెంగుతో ముఖం తుడుచుకుంది.

"పాడుకో నాయనా," అంది.

నాగు లేచి, పుస్తకం చేత్తో పట్టుకుని, గిటార్ల వాళ్లకు తలూపి మూడో చరణం అందుకున్నాడు. కొత్త చరణం కదా, కుర్రాడు కదా, మొదటి లైను పరుగెత్తించాడు. రెండో లైనులో అడుగు పెట్టాడో లేదో దయామణి చేయి పైకి లేచింది.

"ఆపు," అంది. అదురూ బెదురూ లేని గొంతు, ఆదివారం పూట పేట వాళ్లందరికీ తెలిసిన గొంతు. "అట్ల తొందరపడితే ఎట్ల? ఆ బిందె పొద్దుగూకేదాకా నిలబడాల. నిదానంగా రా."

హాలంతా నవ్వింది, గిద్యోను అందరికంటే గట్టిగా నవ్వాడు. నాగు సరే అక్కా అన్నాడు. ఆమె పాట ఎత్తుకుంది, అతను ఆమె వెనకే వచ్చాడు.