డెన్మార్క్ డాక్టరుకు రెండు చుక్కలు

ఆ ఆదివారం పొద్దున పది గంటలకు ఖుద్సియా బేగం, ఐదేళ్ల లోపు పిల్లలకు వేయాల్సిన పోలియో చుక్కలు రెండూ అరవై ఏళ్ల డెన్మార్క్ డాక్టరు నోట్లో వేసింది. అలవాటు కొద్దీ ఆయన ఎడమ చిటికెన వేలి గోరు మీద నల్లగా గుర్తు కూడా పెట్టింది.

పాల్వంచలో స్టవ్వులు బాగుచేసే వాళ్లింట పుట్టిన ఖుద్సియా ఇరవై రెండేళ్లుగా ఊరూరా టీకాలు వేసే ఏఎన్ఎం నర్సు. చండ్రుగొండ అవతలి అడవి గూడేలన్నీ ఆమె చెప్పులకు తెలుసు. వాగులో జారిపడ్డా మందుల డబ్బాను తడవనివ్వదు. చీర సంగతి మాత్రం అడగకూడదు.

పోలియోను భూమ్మీదే లేకుండా చేయాలని దేశాలన్నీ కలిసి పంపిన బృందంలో ఆ డాక్టరు ఒకాయన. వెంట తెచ్చింది జిల్లా ఆఫీసరు ఉదయ్ భాస్కర్. ఈ ముగ్గురూ వెళ్లేసరికి ఆ గూడెం చివర ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. పదకొండు మంది పసివాళ్లతో కుటుంబాలన్నీ బోనకల్ వైపు మిరప కోతకు బయలుదేరుతున్నాయి. ఇప్పుడు చుక్కలు పడకపోతే మళ్లీ ఏ చేను గట్టున వెతకాలో ఎవరికీ తెలియదు.

గూడెం పెద్ద సోమే అవ్వ పిల్లలకు అడ్డంగా చేతులు చాపింది.

"మా ఆనపకాయ బుర్రల నీళ్లిస్తే ఆ దొర వద్దన్నడు. కారుల సీసా తెచ్చుకొని తాగిండు. మా నీళ్లు ఆయన ముట్టనప్పుడు ఆయన మందు మా పోరలెందుకు ముట్టాలె?"

"ఆయనకు కడుపుల పడదు అవ్వా," అంది ఖుద్సియా.

"మా పోరలయి రాతి కడుపులా?"

నీళ్లు ముట్టొద్దని డాక్టరుకు చెప్పింది ఉదయ్ భాస్కరే. నసుగుతూ అవ్వ మాటలు ఇంగ్లీషులో వినిపించాడు. డాక్టరు నిర్ఘాంతపోయి నోరు తెరిచాడు.

తెరిచిన నోరు కనిపిస్తే ఖుద్సియా చెయ్యి ఆమెను అడగదు.

చుక్కలు పడ్డాక గాని ఆమెకే తెలిసి రాలేదు. యా అల్లా, ఏం చేశాను? ఆటో డ్రైవరు ఇంజను ఆపేశాడు. డాక్టరు చప్పరించి, మింగి, తన గోరును తానే వింతగా చూసుకున్నాడు. తర్వాత అవ్వ ముందుకెళ్లి, సైగ చేసి బుర్ర అడిగాడు. గడగడా తాగాడు.

అవ్వ ఆయన గొంతు కదలికనే చూస్తూ నిలబడింది. చేతులు దించింది.

"ఎయ్యి బిడ్డా, జల్దీ."

పదకొండు నోళ్లూ తెరుచుకున్నాయి. ఆటో వెళ్లిపోయింది. ఉదయ్ భాస్కర్ రిజిస్టరు తెరిచాడు.

"ఏంది మేడం గిది? పదకొండు మంది పిల్లలకు పన్నెండు డోసులైనయి! నా నౌకరీ పోతది! రిజిస్టర్ల ఏమని రాయాలె?"

"బయటి ఊరి నుంచి వచ్చినోళ్ల కాలమ్ ఉంది కద సార్, అండ్ల రాయుండ్రి."