వరసలో పడిన మూడు చుక్కలు

మా రీసెర్చి గైడు పోయారు. కేజీఎఫ్‌లో నేను పాఠం చెబుతుండగా ఆయన భార్య ఫోన్ చేశారు. "సారు పోయినారప్పా. కాఫీ కలిపి తెచ్చేలోపలే అయిపోయింది," అన్నారు. బోర్డు మీద లెక్క సగంలో వదిలేసి కోలారు బస్సెక్కాను. దారి పొడుగునా ఒక్కటే ఆలోచన: ఆ సందు పూడకుండానే వెళ్ళిపోయారే అని.

ఆ సందు ఏమిటో చెప్పకపోతే, ఆయన చివరి రోజుల్లో ఎందుకంత కుమిలిపోయారో మీకు తెలియదు. ఆయన పనల్లా చుక్కలు, గీతలు. కాగితం మీద కొన్ని చుక్కలు పెట్టండి. మూడేసి చుక్కల్ని కలిపితే త్రిభుజాలు వస్తాయి. వాటిలో కొన్నింటి లోపల ఇంకే చుక్కా ఉండదు. అవి ఖాళీ త్రిభుజాలు. చుక్కల్ని ఎంత తెలివిగా పెట్టినా కనీసం ఇన్ని ఖాళీ త్రిభుజాలు తప్పవని తేల్చాలని ఆయన పట్టుదల. రేఖాగణితమే గానీ కొలతల్లేవు, కోణాల్లేవు. అంతా లెక్కపెట్టడమే.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు స్టీలు పళ్ళెంలో గుప్పెడు వేయించిన వేరుశెనగ గింజలు చల్లారు. "ఖాళీవి యాడుండాయో చూపించు," అన్నారు. నేనొక గింజ నోట్లో వేసుకోబోతే చెయ్యి పట్టుకున్నారు. "నిరూపణ అయినాక తినాలప్పా. ముందే తింటే లెక్క మారిపోతాది." ఆ సాయంత్రం నాకు నిరూపణా దక్కలేదు, గింజలూ దక్కలేదు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళాను.

మూడు గింజలు ఒకే వరసలో పడితే మాత్రం ఆయనకు చిరాకు. ఒకదాన్ని వేలితో పక్కకు నెట్టేవారు. "గోరంత జరుపు. దేవుడేమీ అనుకోడు," అనేవారు. మా విద్యలో అందరం చేసే పనే అది. వరసలు అడ్డొస్తే కాస్త జరిపి ముందుకు పోతాం.

ఆయన నిరూపణ అచ్చయింది. తెలిసినవాళ్ళు మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు ఎక్కడో దూరదేశం నుంచి ఒక పరిశోధకురాలు ఆయనకు మర్యాదగా రెండు వాక్యాలు రాసింది. వరసలో ఉన్న మూడు చుక్కలకు అసలు త్రిభుజమే లేదు. వాటిలో ఒకదాన్ని గోరంత జరిపితే, లేని త్రిభుజం ఒకటి సన్నగా పుట్టుకొస్తుంది. ఆయన వాటిని కూడా లెక్కలో కలుపుకున్నారు. ఆ సందు మాలో ఎవరి కంటా పడలేదు.

"దేవుడు అనుకున్నాడప్పా," అన్నారు ఆ రోజు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

ఆయన కాలేజీలో ఒకాయన సలహా ఇచ్చాడు. "ఇంగ బయటపెట్టేది ఎందుకు సార్? దాన్ని ఎవురు చదువుతారు?"

"చదివినామె ఒగామె ఉండాది గదా," అని, తన నిరూపణలో తప్పుందని ఆయనే పత్రికకు రాసేశారు.

తర్వాత ఒకసారి నన్ను శ్రీనివాసపురం దగ్గర వాళ్ళ తమ్ముడి టమోటా తోటకు తీసుకెళ్ళారు. మొక్కలకు ఊతంగా పాతిన కట్టెలు బారులు తీరి ఉన్నాయి. నేరుగా చూసినా వరసలే, మూలకు చూసినా వరసలే. "చిన్నప్పుడు ఈ కట్టెలు నాటినోణ్ణే నేను. వరస తప్పితే మా నాయన పీకి మళ్ళీ నాటించేవాడు. అట్లాంటోణ్ణి, లోకంలో వరసలే లేవన్నట్టు లెక్కేసినాను చూడు," అన్నారు. తమ్ముడు టమోటాలు తీసుకుపొమ్మని పిలుస్తున్నా ఆయన కట్టెల్నే చూస్తూ నిలబడ్డారు.

అప్పటినుంచి ఇద్దరం ఆ సందు మీదే పడ్డాం. ఈసారి పూడిందనుకున్న ప్రతిసారీ వారం తిరక్కుండా ఇంకోచోట తెరుచుకునేది. ఆయన గుండె బలహీనపడింది. చివరిసారి చూసినప్పుడు మంచం మీదినుంచే అడిగారు.

"పూడిందా?"

"లేదు సార్."

"పూడిందని చెప్పలేదు, మంచిపని చేసినావు. లేనిదాన్ని ఉందని లెక్కేసి నేను పడింది చాలు."

బయటికొచ్చి ఏడ్చాను. పోయే మనిషికి ఒక్క మంచి మాట చెప్పలేకపోయానే అని ఇప్పటికీ ఏడుపొస్తుంది. ఊరటకోసం లెక్క మార్చకూడదని నాకు నేర్పింది కూడా ఆయనే. ఆ రుణం తీరేది కాదు.

మిగిలింది నువ్వు పూర్తిచేస్తావులే అని చాలామంది అంటున్నారు. వినయానికి చెప్పడం లేదు, నావల్ల కాదు. ఆయన బుర్రకు అందనిది నాకెక్కడ అందుతుంది?

కర్మకు ముందురోజు వెళితే ఇల్లు కడుగుతున్నారు. ముందుగదిలో ఒక గోడకు నల్లరంగు పూసి బోర్డులా వాడుకునేవారు. దాని నిండా చుక్కలు, గీతలు. "ఇది పెట్టుకునేదా, తుడిచేదా? నువ్వే చెప్పప్పా," అన్నారు ఆయన భార్య. ఈ మూల నుంచి ఆ మూల దాకా చదివాను. ఇద్దరం ఎప్పుడో నడిచి, ముందుకు పోదని వదిలేసిన దారే అది. మళ్ళీ మొదటినుంచీ వేసుకున్నారు. కొత్తది ఒక్కటీ లేదు.

"తుడిచేయండమ్మా," అన్నాను.

ఆమె తడిగుడ్డతో తుడిచారు. గోడ నల్లగా మెరిసింది. తడి ఆరేకొద్దీ, గీతలు రాలేదు గానీ, గట్టిగా నొక్కి పెట్టిన చుక్కలు ఒక్కొక్కటే తెల్లగా పైకి తేలాయి. ఆమె గుడ్డను మళ్ళీ బకెట్లో ముంచారు.