శుక్రవారం వంతు

మా తోటికోడలి చేతికి ఫోన్ రాకముందు మా ఊళ్ళో వాన సంగతి నన్నే అడిగేవాళ్ళు. గొప్ప కోసం చెప్పుకోవడం లేదు, నిజం. కొళాయి కింద బిందె పెట్టగానే "అక్కా, రేపు పని పెట్టుకుందామా?" అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. నేను ఆదోని కొండల వైపు చూసి చెప్పేదాన్ని. మా ఊరు ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ ఉంటుంది. ఆదోని కొండల మీద మబ్బు దిగి, సాయంత్రం అటు మెరిసిందంటే మూడో రోజుకు మాకు వాన. ఎమ్మిగనూరు దిక్కున ఎంత ఉరిమినా అది అటునుంచి అటే పోతుంది, మా చేలలో చుక్క రాలదు. ఈ లెక్క మా అత్త చెప్పింది. పదహారేళ్ళు నేను దాన్ని పట్టుకునే ఊళ్ళో పెద్దరికం చేశాను.

తర్వాత మా మరిది తన పెళ్ళానికి పెద్ద ఫోన్ కొనిచ్చాడు. ఏడాది తిరక్కుండానే ఆడవాళ్ళు నన్ను దాటుకుని ఆమె దగ్గరికి పోవడం మొదలుపెట్టారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా? ఆ పిల్ల నడుము దగ్గర దోపుకున్న ఫోన్ తీసి, వేలితో అటూ ఇటూ తోసి, "రేపు మధ్యాన్నం దాకా ఏమీ లేదంట" అనేది. గర్వంగా చెప్పినా బాగుండేది, తిట్టుకోవడానికి వీలుండేది. మెల్లగా, నవ్వుతూ చెప్పేది. నాకు కడుపు మండిపోయేది.

మూడేళ్ళ కిందటి ఆశ్వయుజంలో ఒక వారం సంగతి ఇది. ఎకరన్నరలో వేరుశనగ వేసి ఉన్నాం. మా వైపు బుడ్డలు అంటాం. కాయ ముదిరింది. అంతకు ముందు పడిన వానకు నేల ఇంకా మెత్తగానే ఉంది. అలాంటప్పుడు పీకితే కాయలన్నీ చెట్టుతో పాటే వచ్చేస్తాయి, నేల గట్టిపడితే సగం లోపలే తెగిపోతాయి. పీకాక మాత్రం నాలుగు రోజులు చేలోనే వరసలుగా ఆరాలి. ఆ నాలుగు రోజుల్లో వాన తగిలిందా, కాయకు మొలకలు వస్తాయి, బూజు పడుతుంది. ఆ ఏడు మాకున్న పంట అదొక్కటే. మరుసటేటికి విత్తనం కూడా అందులోంచే తీసుకోవాలి.

కూలీలు దొరకరు కాబట్టి మేం తొమ్మిది మంది ఆడవాళ్ళం బదులు పని చేసుకుంటాం. రోజుకొకరి చేలో అందరం దిగుతాం. ఇద్దరు ఒప్పుకుంటే వంతులు మార్చుకోవచ్చు. ఊరికే వదులుకుంటే మాత్రం అందరి చేలూ అయ్యేదాకా ఆగాలి. ఆ వారం మంగళవారం నాది, శుక్రవారం ఆమెది. ఆమె చేలో పత్తి పగిలి తీయడానికి సిద్ధంగా ఉంది.

సోమవారం పొద్దున కొళాయి దగ్గర అందరి ముందూ నాతో అంది.

"అక్కా, సముద్రంలో అల్పపీడనమంట. గురువారం మనకు వానొస్తాదంట. రేపు నీ వంతు నాకియ్యి, పత్తి తీసుకుంటా. శుక్రవారం నువ్వు తీసుకో. వాన పోయినంక పీకుదువు."

మాట సబబైనదే. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు వినిపించింది వేరు. వాన గురించి నాకే పాఠం చెబుతోంది, పైగా తన పత్తి కోసం నా వంతు కొట్టేయాలని చూస్తోంది అనుకున్నాను.

"ఆదోని కొండ మీద మబ్బు తునక లేదు. యాడిదమ్మా వాన? వాన రాకడా ప్రాణం పోకడా నీ ఫోన్‌కు తెలుసునా?" అన్నాను.

నలుగురూ నవ్వారు. ఎన్నాళ్ళకో నా మాటకు నవ్వారు. ఆ రోజంతా నాకు హాయిగా ఉంది.

మంగళవారం మొత్తం పీకించేశాను. అత్త మీది కోపం దుత్త మీద చూపించినట్టు, తోటికోడలి మీది కోపం బుడ్డల మీద చూపించాను. ఆమె కూడా వచ్చింది. వంగి నాకంటే రెండు సాళ్ళు ఎక్కువే పీకింది. అదీ నాకు నచ్చలేదు.

బుధవారం ఫోన్ మాట మార్చింది. అల్పపీడనం పైకి పోతోందట, మా వైపు అక్కడక్కడా జల్లులేనట. "అక్కడక్కడా అంటే యాడ? నీ మిద్దె మీదా, నా మిద్దె మీదా?" అని అడిగాను. ఆమె సిగ్గుపడింది. గురువారం, వాన రావలసిన రోజున, ఎండ పేలిపోయింది. మా ఇళ్ళు ఎదురెదురు. నేను కావాలని ఆమె గుమ్మానికి ఎదురుగా చాప పరిచి మిరపకాయలు ఎండబోశాను. ఆ సాయంత్రం ఎమ్మిగనూరు దిక్కున ఉరిమింది. బుడ్డల మీద కప్పడానికి టార్పాలిన్ పట్టలు తెచ్చి పెట్టుకుందామా అన్నాడు మా ఆయన. "ఆ ఉరుము మనది కాదు, పండుకో" అన్నాను.

శుక్రవారం పొద్దున్నే ఆమె మా గుమ్మంలో నిలబడింది. వెనక మిగిలిన ఏడుగురూ, చంకల్లో పట్టలూ.

"అక్కా, మళ్ళీ మార్చినారు. సాయంత్రానికి పెద్ద వానంట, ఎమ్మిగనూరు దిక్కు నుంచే. ఈ పొద్దు నా వంతు నీకిస్తాండాను. లే, బుడ్డలెత్తి వామి వేద్దాం."

"నీ వంతు నువ్వే ఉంచుకో. నాకు ఎవరి దానమూ వద్దు."

"దానం కాదులేక్కా. తిట్టేదేదో చేలోకి వచ్చి తిట్టు" అని నడిచింది. ఏడుగురూ ఆమె వెంట నడిచారు. నా చేలోకి నన్ను పిలవకుండానే పోతున్నారు. నేను వెనక పరిగెత్తాను.

మూడు గంటలకల్లా వరసలన్నీ ఎత్తి, కాయలు లోపలికి, ఆకు బయటికి ఉండేట్టు రెండు వాములు వేసి, పట్టలు కప్పి రాళ్ళు పెట్టాం. ఇంకో గంటకు వాన దిగింది. ఎమ్మిగనూరు దిక్కు నుంచే దిగింది. ఆదోని కొండల మీద అప్పుడు కూడా ఎండ కనిపిస్తూనే ఉంది.

మేమందరం మిగిలిన పట్ట ఒకటి నెత్తిన పట్టుకుని నిలబడ్డాం. దారికి అవతలే ఆమె చేను. పత్తి తడిసి, కాయల్లోంచి జారి, కొమ్మలకు వేలాడుతోంది. కింద పడినది బురదలో కలుస్తోంది. ఆమె దాన్నే చూస్తోంది. నేనూ చూశాను. నిజం చెప్పాలి కదా, నా లోపల ఒక మూల సంతోషం కలిగింది. నా పంటను కాపాడిన మనిషి పక్కనే నిలబడి, ఆమె పంట పోతుంటే సంతోషించాను.

"ఎందుకిచ్చినావే వంతు?" అని అడిగాను. కోపంగానే అడిగాను.

"పత్తి తడిసినా ఎండినంక ఇంతో అంతో చేతికొస్తాది. బుడ్డలు తడిస్తే మొలకలే, విత్తనానికి కూడా పనికి రావు. నేను కొత్తగా కాపరానికొచ్చినప్పుడు నువ్వే గదక్కా చెప్పినావు."

నాకు గుర్తు లేదు. ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. నేను ఆమెకు ఏదైనా నేర్పాననేదే మరిచిపోయాను, ఆమె దాచుకుంది.

ఆమె వంతు మళ్ళీ వచ్చేసరికి ఎనిమిది రోజులు పట్టింది. పత్తి మసక రంగుకు తిరిగింది. ఆ తర్వాతి వరసలో నా వంతు ఆమెకు ఇచ్చేశాను. ఊళ్ళో అందరూ నా మంచితనం అన్నారు. మంచితనం కాదు. మంచితనంలో కూడా ఆమే నాకంటే ముందుంటే ఓర్చుకోలేక ఇచ్చాను.

ఇప్పుడు నా దగ్గరా ఫోన్ ఉంది. అయినా బుడ్డలు పీకే ముందు దాన్ని నమ్మను. మా ఆయన్ను ఎదురింటికి పంపుతాను. "నేను అడగమన్నానని చెప్పొద్దు" అని చెప్పి మరీ పంపుతాను. ఆమె అక్కడినుంచే, నాకు వినపడేట్టు గట్టిగా చెబుతుంది.