నైరుతి గోడకు మేస్త్రి పెట్టిన కన్నం

పోయిన నెల జగ్గయ్యపేటలో మా మేస్త్రి పోయారు. ఆయన దగ్గర ఒకప్పుడు ఇటుకలు అందించినావిడ నందిగామ బస్టాండులో కనపడి చెప్పింది. మీకు కబురు రాలేదాండీ అని అడిగింది. నాకెవరు పంపుతారు?

నాకు రాయడం పెద్దగా రాదు. కానీ ఆ మనిషి మీద ఒక అబద్ధం ఈ ఊళ్ళో నా నోటనే పుట్టింది. దాన్ని ఇంకొకరు సరిచేయలేరు.

మా ఆవిడకి మోకాళ్ళు పట్టేస్తే, వేన్నీళ్ళలో నడవమని బెజవాడ డాక్టరు చెప్పాడు. పత్తి బాగా పండిన ఏడాది అది. ఇంటి వెనక గది వేసి, అందులో స్విమ్మింగ్ పూల్ కట్టిస్తానని నలుగురిలో అనేశాను. నందిగామలో ఎవరింట్లోనూ లేదు మరి. మా ఇల్లు కట్టిన మేస్త్రినే పిలిచాను.

ఆయన మాట తక్కువ. పొద్దున్నే వచ్చి, నిన్నటి గోడకి చేతి వెనకవైపు ఆనించి చూసుకుని, ఆ తర్వాతే మనిషిని పలకరించేవారు. గదికి శ్లాబు పడ్డాక అగరుబత్తి వెలిగించి మూలమూలా తిరిగారు. పొగ ఎటు పోతోందో చూసుకుని, ఈశాన్యంలో కిందగా కిటికీ, నైరుతి గోడకి పైన ఒక కన్నం, ఆ కన్నంలో గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టారు. వాడనప్పుడు నీళ్ళమీద పట్టా కప్పమన్నారు.

"ఆవిరండీ ఇది. మీరు దారి ఇయ్యకపోతే అదే చూసుకుద్ది," అన్నారు.

తర్వాత వాస్తు చూసే ఆయన వచ్చి, నైరుతిలో కన్నం యజమానికి చేటన్నాడు. మేస్త్రి ఏదో పెళ్ళికి వెళ్ళిన రెండు రోజుల్లో వేరేవాళ్ళచేత దాన్ని మూయించి పూత పూయించేశాను. తిరిగొచ్చి, ఆ పూతకి చేతి వెనకవైపు ఆనించి చూశారు. పోనీ ఆగ్నేయంలో పెడతాను, ఎక్కడో ఒకచోట ఉండి తీరాలన్నారు. ఇల్లు నీదా నాదా అన్నాను.

రెండో వానాకాలానికి గోడలు నల్లగా బూజుపట్టాయి. టేకు తలుపు ఉబ్బి, మూసుకోవడం మానేసింది. శ్లాబులో ఊచలు తుప్పెక్కి, ఒకరోజు మా ఆవిడ నీళ్ళలోంచి మెట్టెక్కిందో లేదో, వెనకాల ఇంత పెచ్చు ఊడి పడింది. ఆ మధ్యాహ్నమే సెంటర్లో టీకొట్టు ముందు మేస్త్రిని పట్టుకుని, సిమెంటు తినేసి నా పెళ్ళాన్ని చంపబోయావని అరిచాను. ఊరంతా విన్నది.

ఆయన నా దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నారు: "మూసిందెవరో మీకు తెలుసు, నాకు తెలుసు. నలుగురిలో నేననను లెండి."

అనలేదు కూడా. నందిగామలో ఆయన్ని పనికి పిలిచేవాళ్ళు లేకపోయారు. చివరికి జగ్గయ్యపేట చేరి, హైదరాబాదు రోడ్డు మీద గరికపాడు దగ్గర ధాబాలకి ప్రహరీలు కట్టుకుంటూ బతికారు.

మరుసటి ఎండాకాలం ఎవరికీ చెప్పకుండా కన్నం తెరిపించాను. నెల తిరక్కుండా గోడ పొడిబారింది. ఒక్క మాట చెప్పి రండి అని మా ఆవిడ ఎన్నోసార్లు పోరింది. వెళ్తాలే అన్నాను. హైదరాబాదు బస్సెక్కినప్పుడల్లా, గరికపాడులో ఆయన కంటపడతానేమోనని కిటికీ పక్కన కూర్చోవడం మానేశాను. ఇదీ నా మగతనం.

పెద్దకర్మకి పిలవకుండానే వెళ్ళాను. భోజనాల బంతిలో నందిగామ కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. విస్తరి ముందు నుంచి లేచి నిలబడి చెప్పాను. ఆయన పనిలో లోపం లేదు, ఆయన పెట్టిన కన్నం నేను మూయించాను, నింద ఆయన మీద వేశాను అని.

మేస్త్రి కూతురు సాంబారు బకెట్టుతో నా ముందుకొచ్చి ఆగింది.

"నాన్న చెవిన పడాల్సిన మాటండీ ఇది," అంది.

అందరికీ వేసినట్టే నాకూ ఒక గరిటె వేసి, పక్క విస్తరికి వెళ్ళింది. సాంబారు అన్నం దాటి విస్తరి అంచుకి పారుతోంది. కూర్చున్నాను గానీ, దానికి చెయ్యి అడ్డం పెట్టలేదు.