పెద్దమ్మ పాటకు చివరి చరణం

పినపాక దగ్గర మా పల్లెలో తాటాకు కప్పిన చిన్న చర్చి ఉండేది. అక్కడే పుట్టిన మొదటి పాట మా పెద్దమ్మది. నాన్నకు వదిన, భర్త పోయిన మనిషి. నాట్లప్పుడు పాడుకునే బాణీలోనే ఆ పాట కట్టింది. "చేతులున్నోళ్లు లేవండి, ప్రభువు మడిల పనున్నది" అని మొదలయ్యేది.

మూడు చరణాలు ఎప్పుడూ ఉండేవే. చివరిది మాత్రం వారం వారం మారేది. ఎవరి కప్పు కురుస్తోందో, ఎవరు మంచాన పడ్డారో చూసి పెద్దమ్మ అప్పటికప్పుడు అల్లేది. ఆ చరణం ఎత్తుకున్నవాళ్లే మర్నాడు ముందుగా పనికి దిగాలని కట్టుబాటు. ఎత్తుకునేది ఆమే, దిగేదీ ఆమే. మిగతావాళ్లు సిగ్గుకైనా వెనకాల వెళ్లేవారు. ప్రసంగానికి హాయిగా కునుకు తీసేవాళ్లు కూడా ఆ చరణానికి నిటారుగా కూర్చునేవారు.

ఎనభైల్లో ఒక వానాకాలం పెద్దమ్మను చలిజ్వరం పట్టుకుంది. ఊరంతా నాట్లు అయిపోయాయి. ఆమె మడి ఒక్కటే దమ్ము చేసి, నాటు పడక అలాగే ఉంది. నారు ముదిరిపోతోంది. ఇంకొన్నాళ్లు దాటితే ఆ ఏటి తిండిగింజలు పోయినట్టే. ఊరందరి అవసరాలూ పాటలో పెట్టిన మనిషికి తన అవసరం చెప్పుకోవడానికి నోరు రాలేదు. నాకైతే ఆమె మీద కోపమే వచ్చింది.

మేమే వెళ్లి సాయం కావాలా అని అడిగే దారీ లేదు. అంతకుముందు ఏడాది మా బర్రె ఆమె నారుమడిలో పడి మేసింది. అప్పటినుంచి మా అమ్మకూ ఆమెకూ మాటల్లేవు. ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఏడాదిపాటు మాట్లాడుకోకపోవడం చిన్న విద్య కాదు. ఇద్దరూ అందులో ఆరితేరారు.

ఆ ఆదివారం పెద్దమ్మ చర్చికి రాలేదు. మూడు చరణాలు అయ్యాయి, కంజీర ఆగింది. నాలుగోది కట్టేవాళ్లు లేక అందరూ నేలచూపులు చూస్తున్నారు. అప్పుడు నా పక్కనున్న అమ్మ, ఎన్నడూ బాణీ కుదరని గొంతుతో ఎత్తుకుంది.

"అక్క మడిల నారు ముదిరె, పొద్దుగాల్నే పోదాం రండి."

ముందు పాస్టరుగారు, ఆయన వెనక అందరూ అందుకున్నారు.

మర్నాడు పొద్దున్నే అమ్మ అందరికంటే ముందు బురదలోకి దిగింది. కాసేపటికి పెద్దమ్మ దుప్పటి కప్పుకుని గట్టు మీదికి వచ్చింది. నాటిన వరసల వెంట చూపు తిప్పింది.

"నాటు వంకర పోతున్నది. జర చూస్కో," అంది. ఏడాది తర్వాత మా అమ్మతో ఆమె అన్న మొదటి మాట అదే.

అమ్మ నడుం ఎత్తలేదు. "నువ్వు పాట ఎత్తుకో అక్కా, అదే సక్కగయితది," అంది.

పెద్దమ్మ గట్టు మీద కూలబడి, కళ్లు తుడుచుకుని, జ్వరం గొంతుతోనే ఎత్తుకుంది.